రెండో నల్ల మెట్టు

మూడేళ్లలో నలభై ఒక్క పియానోలు.
లెక్క నా డ్యూటీ డైరీ వెనక పేజీల్లో ఉంది,
ఊరు, తేదీ, ఒక్కోదానికీ ఒక్కో ముక్క:
లీడ్స్, అద్దాల షోరూము, జర్మనీది - పంచదార పాకం.
హడర్స్‌ఫీల్డ్, స్కూలు హాలు - ఉప్పు లేని పప్పు.
బ్రాడ్‌ఫర్డ్, ఒక పెద్దావిడ ముందుగది - చల్లారిన కాఫీ.
స్కిప్టన్, వేలంపాట - మాగిన అరటిపండు, ఒక పక్క నల్లబడింది.

అమ్మేవాళ్లు అడుగుతారు,
మీకు వెచ్చటి శబ్దం కావాలా, వెలుగున్న శబ్దమా?
రెండూ కాదు బాబూ,
పచ్చి జామకాయ కొరికాక
పళ్ల మధ్య ఒక బిగువు మిగులుతుందే, అది.
దానికి మీ భాషలో ఉన్న మాట
మందుల షాపులో గాయాలకి వాడేది.
వాళ్లు మర్యాదగా తలూపి
ధర చీటీ ఇటు తిప్పుతారు.

పగలంతా నా ఉద్యోగం మూడు మాటలు:
ఊపిరి తీసుకోండి. బిగపట్టండి. ఇక వదలండి.
హాలిఫాక్స్‌లో సగం మంది పక్కటెముకలు నాకు తెలుసు.
సెలవు రోజున ఎవరిదో పియానో ముందు కూచుని
ఒక్క మెట్టు నొక్కి
నేనే బిగపడతాను,
చప్పుడు గోడదాకా వెళ్లి తిరిగొచ్చేదాకా.
చాలాసార్లు వదిలేశాను,
ఊపిరినీ, బేరాన్నీ.

నలభై ఐదో ఏట మొదలెట్టినదాన్ని.
ఎడమచెయ్యి కుడిచేతిని
అద్దెకున్నవాడు ఇంటివాణ్ణి చూసినట్టు చూస్తుంది.
ఈ వేళ్లకి అంత చెవి ఎందుకే, అంటుంది మా కనకవల్లి.
నిజమే.
వంట రానివాడికి కూడా
ఉప్పెక్కువైతే తెలుస్తుందిగా.

నలభై ఒకటోది
పాత ఉన్ని మిల్లు మూడో అంతస్తులో.
పైకప్పు నుంచి బకెట్లలోకి వాన.
దుప్పట్లు కప్పుకుని పియానోలు
ఆపరేషన్‌కి ఎదురుచూసే రోగుల్లా వరసగా.
ఇది చివర్న, ఒక పెడలు వంకర,
మూత మీద ఎవరి గ్లాసుదో గుండ్రటి మరక.
ఆ కొస నుంచి నొక్కుకుంటూ వచ్చాను:
ఫర్వాలేదు, ఫర్వాలేదు, ఫర్వాలేదు.
మధ్య సి-కి ఎడమన
రెండో నల్ల మెట్టు దగ్గర
నాలిక గరుకెక్కింది.
మళ్లీ నొక్కాను.
జామకాయ.

మిగతా ఎనభై ఏడూ మామూలే.
ఆరువందల పౌండ్లు,
మేడ మీదికి ఎక్కించే కూలి వేరే.

శ్రుతి చెయ్యడానికొచ్చిన నార్మన్ సట్‌క్లిఫ్ గారు
టీ ముట్టకుండా మూడు గంటలు కూచున్నారు.
అప్పుడన్నారు, తప్పు దొరికిన మేష్టారి సంతోషంతో:
ఇదిగో, ఈ ఒక్క సుత్తి బిగుసుకుపోయింది.
ఏ క్రిస్మస్‌కో ఎవరో షెర్రీ ఒలికించినట్టున్నారు.
సూదితో నాలుగు పోట్లు పొడిస్తే
మిగతావాటిలో కలిసిపోతుంది.

సూది అప్పటికే ఆయన చేతిలో ఉంది.
మణికట్టు పట్టుకున్నాను.
రోగిది కాని చెయ్యి అలా పట్టుకోవడం
నాకు గుర్తున్నంతలో అదే మొదలు.
వద్దండీ. దానికోసమే కొన్నాను.

ఆయన ఆ మెట్టు నొక్కారు. ఇంకోసారి.
తల ఓరగా వంచి, చెవియంత్రం సర్దుకుని,
చెడిపోయిన స్వరమమ్మా ఇది, అన్నారు.
అని మూడోసారి నొక్కారు.
దీన్నేమంటారు మీరు?
చెప్పాను.
వ, గ, రు, అని నోట్లో తిప్పుకుని
తన నోటుబుక్కులో తన అక్షరాల్లో రాసుకున్నారు.
కింద గీత గీసి: ముట్టుకోకూడదు.

గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటూ అన్నారు,
నేను ముట్టకపోయినా నిలవదు సుమా.
కొట్టిన ప్రతిసారీ ఆ ఉన్ని కాస్త అరుగుతుంది.
ఆరేళ్లో, ఏడేళ్లో.

అందుకని పొదుపుగా వాడుతున్నాను,
ఊరినుంచి వచ్చిన ఆవకాయ జాడీలా.
ఆ స్వరం అరుదుగా వచ్చే పాటలే ఏరుకుంటున్నాను.
అది రాబోయే చోటికి కాస్త ముందే
వేళ్లు నెమ్మదిస్తాయి,
ఊపిరి దానంతటదే ఆగుతుంది.

నిన్న రాత్రి కింది ఫ్లాటు పిల్లాడు
పైజామాలో మెట్లెక్కొచ్చి తలుపు తట్టాడు.
పాట మధ్యలో ఒకటుంది కదా,
అది ఇంకోసారి కొడతారా?

ఒక్కసారే, అన్నాను.